దస్త్రం చెడితే భూమి పోదు

కంప్యూటరు తెరుచుకోకపోతే మన ఊళ్లలో మొట్టమొదట వినబడే మాట ‘ఫార్మాట్’. ఆంగ్లాక్షరం రానివారి నోట కూడా ఈ మాట ఎంతో సహజంగా పలుకుతుంది. ఒళ్లు వెచ్చబడిందని పోయిన ప్రతివారికీ సెలైను సీసా కట్టే ఆరెంపీ వైద్యుని వలె, మొరాయించిన ప్రతి యంత్రానికీ మనవారు ఇదే మందు వేస్తారు. రోగమేమిటో చూసే తీరిక వైద్యునికి ఉండదు, అడగవచ్చునన్న ఎరుక రోగికి ఉండదు. ఎక్స్‌పీ రోజులలోనైతే గంటన్నరలో యంత్రం నవనవలాడుతూ లేచి కూర్చునేది. తెర మీద పచ్చని కొండ, పైన నీలాకాశం. లోపల మాత్రం యజమాని తనదని చెప్పుకోదగినది ఒక్కటీ మిగిలేది కాదు.

తెరుచుకోని యంత్రంలో చాలాసార్లు చెడినది ఒక్క చిన్న దస్త్రమే. యజమాని రాసుకున్నవి, దాచుకున్నవి, తీసుకున్న ఛాయాచిత్రాలు, అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. ఈ చిన్న సంగతి తెలియకపోవడం వలన మన తెలుగునాట ఎంత రాత తుడిచిపెట్టుకుపోయిందో లెక్క కట్టగలవారు లేరు. ఒక్క చోట అలా పోకుండా ఆగిన కథ నాకు తెలుసు. దానిని చెప్పే ముందు యంత్రం మేలుకునే తీరును కొంచెం చెప్పాలి.

విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబరు 25న విడుదలైంది. 2014 ఏప్రిల్ 8 వరకు మైక్రోసాఫ్టు దానికి మరమ్మతులు అందించింది. ఆ పన్నెండేళ్లలో మనలో చాలామంది తెర మీద తొలి తెలుగక్షరం చూసుకున్నది దానిలోనే. మీట నొక్కగానే మొదట బయోస్ లేచి, జ్ఞాపకశక్తి, మీటల పలక, డిస్కు ఉన్నాయో లేదో తడిమి చూసుకుంటుంది. తరువాత డిస్కు మొట్టమొదటి గదిలో ఉన్న చిన్న ఆదేశాన్ని చదువుతుంది. ఆ ఆదేశం ఎన్‌టీ లోడర్ అనే దస్త్రాన్ని పిలుస్తుంది. అది బూట్ ఇని అనే చీటీ చూసి, విండోస్ ఏ విభాగంలో కాపురముందో తెలుసుకుంటుంది. అక్కడికి పోయి కెర్నెలును, యంత్రభాగాలతో మాట్లాడే హాల్ అనే దస్త్రాన్ని, ఆ తరువాత ‘సిస్టమ్’ అనే పేరు గల మరొక దస్త్రాన్ని తెచ్చుకుంటుంది. ఈ చివరి దానిలోనే ఏ డ్రైవర్లను ఏ వరుసలో లేపాలి, ఏ సేవలు నడవాలి అన్న వివరమంతా రాసి ఉంటుంది.

ఈ ‘సిస్టమ్’ ఒంటరిది కాదు. సాఫ్ట్‌వేర్, శామ్, సెక్యూరిటీ, డీఫాల్ట్ అనే మరి నలుగురు తోడబుట్టినవారున్నారు. ఐదింటినీ కలిపి రిజిస్ట్రీ అంటాము. విండోస్ లోపలి సిస్టమ్32 అరలో, కాన్ఫిగ్ అనే లోపలి అరలో ఇవి ఉంటాయి. యంత్రం నడుస్తున్నంతసేపూ వీటిలో రాత, దిద్దుబాటు జరుగుతూనే ఉంటుంది. సరిగ్గా ఆ రాత నడుమ కరెంటు పోయిందా, సగం వాక్యంలో కలం విరిగినట్లే. మరునాడు యంత్రం ఆ పుట దగ్గరకు వచ్చి, చదవలేక ఆగిపోతుంది.

మన తెలంగాణ పల్లెలలో పట్వారీ ఇంట ఎర్రగుడ్డలో కట్టిన దస్త్రం ఉండేది. ఏ సర్వే నంబరు ఎవరిది, గెట్టు ఎక్కడ, శిస్తు ఎంత అన్నది దానిలోనే ఉండేది. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది. అయినా ఆ పోలిక ఇక్కడ చక్కగా అమరుతుంది. దస్త్రానికి చెదలు పడితే ఊరివారికి ఇబ్బందే. ఎవరి పొలం ఎవరిదో తేలదు, పంచాయతీలు పుడతాయి. అంతమాత్రాన భూమి ఎక్కడికీ పోదు. చేను చేనుగానే ఉంటుంది, బావి బావిగానే ఉంటుంది. మరొక నకలు వెదకి పట్టుకుంటే ఊరు మళ్లీ నడుస్తుంది. ఫార్మాట్ చేయడమంటే దస్త్రం చెదలు తిన్నదని ఊరంతా దున్నించి, గెట్లు చెరిపి, కొత్తగా పంచిపెట్టడం.

యంత్రం చూపే సందేశాలతో మరొక చిక్కుంది. అది తాను ఎక్కడ ఆగిందో చెబుతుంది, ఎందుకు ఆగిందో చెప్పదు. ఎన్‌టీ లోడర్ కనబడుట లేదని తెర మీద వస్తే, నిజంగా ఆ దస్త్రం పోయి ఉండవచ్చు. ఎవరో ఫ్లాపీని లోపల మరచి ఉండటం వలన యంత్రం డిస్కుకు బదులు దానిని చదవబోయి ఉండవచ్చు కూడా. హాల్ దస్త్రం లేదని వస్తే, చాలాసార్లు అది క్షేమంగానే ఉండి, దారి చూపే బూట్ ఇని చీటీ తప్పుగా ఉంటుంది. గుమ్మం తెరుచుకోలేదని ఇల్లు కూలిందనుకోవడం ఎంత తొందరపాటో, ఈ సందేశాలు చూసి సీడీ పెట్టి అంతా చెరిపివేయడం అంత తొందరపాటు.

ఇక మిర్యాలగూడ సంగతి.

మా మేనత్త వాళ్లది ఆ ఊరు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత, ఎడమ కాలువ కింద వరి విస్తరించి, ఊరి చుట్టూ బియ్యం మిల్లులు వెలసి, ఇప్పుడు మిర్యాలగూడ అంటే ఎవరికైనా గుర్తుకు వచ్చేది ధాన్యపు లారీల బారులే. 2008 వేసవిలో నేనక్కడికి పోయి ఉన్నప్పుడు, ఆ వీధిలోనే ఉన్న విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుని యంత్రం ఆగిపోయింది. ఆయనను వీధి వీధంతా ‘సార్’ అనే పిలిచేది, నేనూ అలాగే పిలిచేవాడిని. ఆ రోజులలో కరెంటు కోతలు అందరికీ అలవాటే. ప్రకటించిన కోత ఒకటి, ప్రకటించని కోత మరొకటి. ఆయన యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో ఉడిగిపోయి, పెట్టె మాత్రం అలంకారంగా మిగిలింది.

తెర నల్లగా ఉండి, సిస్టమ్ దస్త్రం కనబడుట లేదు లేదా చెడిపోయినది అన్న తెల్లని వాక్యం ఒకటి నిలిచి ఉంది. అంతకు ముందే ఆయన ఒక దుకాణంలో చూపించారు. అక్కడి కుర్రవాడు ఫార్మాట్ చేయాలనీ, సీ డ్రైవులో ఉన్నవి పోతాయనీ, 300 రూపాయలవుతుందనీ చెప్పాడు. ఆ కుర్రవానిని నేను తప్పుపట్టను. ఫార్మాట్ అయితే ఎంత సేపు పడుతుందో తెలుసు, ఫలితం ఖాయం. చెడిన దస్త్రాన్ని వెదకి సరిచేయడానికి గంట పట్టవచ్చు, ఒక రోజంతా పట్టవచ్చు. ఆ రోజుకు కూలి ఎవరిస్తారు? వెదకడానికి వెల కట్టని చోట వెదికేవారు పుట్టరు.

అయితే సార్ యంత్రంలో సీ డ్రైవు బల్ల మీద ఉన్నది వేరొకచోట దొరికేది కాదు. ఇరవై యేండ్లకు పైగా ఆయన మాటలు పోగుచేశారు. నాటు వేసే ఆడవారి దగ్గర, కాలువ లష్కర్ల దగ్గర, మిల్లు హమాలీల దగ్గర విన్న ప్రతి మాటా నోటుపుస్తకంలో రాసుకున్నారు. అందులో ముఖ్యమైనవి సాగర్ నీరు రాకమునుపటి మాటలు. మోట తోలినవారు ముసలివారై ఒక్కొక్కరే వెళ్లిపోతున్న కాలంలో, వారి పక్కన కూర్చుని తొండం, గిలక, మోకు మొదలుకొని మోటబావి సరంజామా అంతటికీ పేర్లు అడిగి రాసుకున్నారు. గూడ వేసి నీరు చల్లే పనికి చెందిన మాటలు, గరిసెల మాటలు, సోలెడు తవ్వెడు మానెడు అడ్డెడు అనే కొలతల మాటలు, మొత్తం 4,000కు పైబడినవి. కాలువ నీరు వచ్చాక మోట ఆగింది. మోటతో పాటు దాని మాటలూ ఆగాయి. నోటుపుస్తకాలలో సగానికి చెదలు పట్టింది. యంత్రంలో ఎక్కించాము గదా అన్న ధీమాతో ఇంట్లోవారు వాటిని పారవేశారు.

సార్ నాతో అన్నది ఒక్కటే మాట. “డబ్బా పోతె పోనీ బిడ్డా, మాటలు పోవద్దు.”

అప్పుడు నా వద్ద ఉన్న సాధనాలు మూడు. ఒకటి ఎక్స్‌పీ అసలు సీడీ. రెండవది ఉబుంటు సీడీ. కానోనికల్ సంస్థ 2005 నుండి 2011 వరకు ఈ సీడీలను అడిగినవారికి పైసా తీసుకోకుండా తపాలాలో ఇంటికి పంపేది. దానిని డిస్కులో స్థాపించనక్కరలేదు, సీడీ నుండే యంత్రం నడుస్తుంది. మూడవది 2 జీబీ పెన్‌డ్రైవు.

మరమ్మతు కంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. ఇల్లు బాగుచేసే ముందు ఇంట్లోని మనుషులను బయటికి తేవాలి. ఉబుంటు సీడీతో యంత్రాన్ని లేపితే, విండోస్ డిస్కును తెరవడానికి అది మొదట ఒప్పుకోలేదు. కరెంటు పోయి డిస్కు శుభ్రంగా మూయబడలేదు కనుక, దానిపై రాయడం ప్రమాదమని అభ్యంతరం చెప్పింది. అది మంచి అభ్యంతరమే. చదవడానికి మాత్రమే అన్న షరతుతో తెరవమని ఆదేశిస్తే తెరిచింది. అంతే, సార్ అరలన్నీ పేర్లతో సహా కళ్లముందు నిలిచాయి. బల్ల మీది దస్త్రాలన్నీ, మై డాక్యుమెంట్స్ అంతా పెన్‌డ్రైవులోకి ఎత్తాము.

అక్కడితో అయిపోయిందనుకోకూడదు. మన తెలుగువారికి ఇంకొక మెలిక ఉంది. సార్ మాటలలో మొదటి సగం ఒక డీటీపీ ఆపరేటరు చేత టైపు చేయించినది. అది యూనికోడ్ కాదు. ఆ రాత లోపల ఉన్నవి నిజానికి ఆంగ్ల సంకేతాలే. ఒక ప్రత్యేకమైన ఖతి పైన తొడిగితేనే అవి తెలుగుగా కనబడతాయి. ఆ ఖతి విండోస్ అరలోని ఫాంట్స్ అనే లోపలి అరలో ఉంటుంది. దస్త్రాన్ని కాపాడి ఖతిని వదిలేస్తే, దక్కేది అర్థం లేని చుక్కలు, గీతలు, ఆంగ్లాక్షరాల కలగాపులగం. అందుచేత ఫాంట్స్ అర మొత్తం ఎత్తి పెట్టాము. రెండవ సగం సార్ స్వయంగా ఇన్‌స్క్రిప్టు మీటల పలకతో యూనికోడులో కొట్టినది. దానికి ఆ భయం లేదు. తన అక్షరం తానే చెప్పుకోగలదు అది. యూనికోడు ఎందుకని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఆ పెన్‌డ్రైవులోని రెండు సగాలే గుర్తుకు వస్తాయి.

తరువాత మరమ్మతు. ఎక్స్‌పీ సీడీ పెట్టి లేపితే మొదటి తెరలోనే ‘ఆర్’ మీట నొక్కమని ఉంటుంది. అది రికవరీ కన్సోల్ అనే మరమ్మతు గదికి దారి. అదే సీడీలో, మరి రెండు మూడు మీటల దూరంలోనే, డిస్కు విభాగాన్ని చెరిపివేసే దారీ ఉంది. అందుకే ప్రతి తెరనూ చివరిదాకా చదివిన తరువాతనే మీట ముట్టాలి. కన్సోల్‌లో మొదట చెక్‌డిస్క్ నడపాలి. నడుస్తుండగా మళ్లీ కరెంటు పోతే ఉన్న గాయం పెద్దదవుతుంది కనుక, ఆ నాటి కోత వేళ గడిచేదాకా ఊరకే కూర్చున్నాము. కోత ముగిసి, ఫ్యాను తిరిగాక మొదలుపెట్టాము. తెర మీద శాతం అంకె నత్తలా కదిలి, గంట దాటాక నూరుకు చేరింది.

డిస్కు కుదుటపడింది. ఇక చెడిన దస్త్రానికి నకలు కావాలి. ఎక్స్‌పీలో అటువంటి నకళ్లు రెండు చోట్ల దొరికేవి. విండోస్ లోపల రిపేర్ అనే అరలో, మొదటిసారి స్థాపించిన నాటి ఐదు రిజిస్ట్రీ దస్త్రాలుంటాయి. వాటిని పెడితే యంత్రం లేస్తుంది గాని, తరువాత చేర్చిన ప్రోగ్రాములన్నీ దానికి పరాయివవుతాయి. పుట్టిన నాటి జాతకం మాత్రమే గుర్తున్న మనిషి వంటిది. రెండవ చోటు సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే దాచిన అర. సిస్టమ్ రిస్టోర్ ఆపివేయకుండా ఉంటే, ఎక్స్‌పీ ఇంచుమించు రోజుకొక నకలు అక్కడ తానే దాచుకునేది. మళ్లీ ఉబుంటుతో లేపి, ఆ అరలోకి పోయి చూస్తే వరుస సంఖ్యలతో నకళ్లున్నాయి. యంత్రం ఆగడానికి రెండు రోజుల ముందటిది ఎంచుకున్నాము.

ఇక్కడ రెండు నియమాలు పాటించాలి. చెడినదైనా సరే, పాత దస్త్రాన్ని చెరపరాదు. పేరు మార్చి పక్కన ఉంచాలి. రెండవది, ఐదింటినీ ఒకే నాటివి పెట్టాలి. ఒకటి నిన్నటిది, ఒకటి మొన్నటిది అయితే వాటి మాటలు ఒకదానితో ఒకటి కలవవు. ఐదు పాతవాటికీ పేర్లు మార్చి, ఐదు నకళ్లనూ వాటి స్థానంలో అసలు పేర్లతో నిలిపి, సీడీ తీసివేసి మీట నొక్కాము.

యంత్రం లేచింది. సార్ తన బల్ల మీది దస్త్రం తెరిచి, పైనుండి కిందికి, కిందినుండి పైకి చూసుకున్నారు. గరిసె దగ్గర ఆగి, ఆ మాట తనకు చెప్పిన ముసలమ్మ పేరు చెప్పారు. తరువాత కొద్ది రోజులకే అన్నిటినీ రెండు సీడీలలోకి ఎక్కించి, ఒకటి సూర్యాపేటలో ఉన్న కుమార్తెకు పంపారు. సార్ 2015లో కాలం చేశారు. కుమార్తె ఆ డీటీపీ సగాన్ని యూనికోడులోకి మార్చుకుంటూ, తప్పులు దిద్దుకుంటూ వచ్చారు. ఆ పని చేయడానికి ఖతి ఆమె దగ్గర ఉండబట్టి సరిపోయింది.

ఇదంతా ఎక్స్‌పీ కాలపు పాత కథ, ఇప్పుడెందుకని అనుకునేవారు 2024 జూలై 19ని తలచుకోవాలి. ఆ శుక్రవారం ఉదయం మన గడియారం ప్రకారం 9 గంటల 39 నిమిషాలకు, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన ఖాతాదారుల యంత్రాలకు ఒక చిన్న దస్త్రం పంపింది. ఆ సంస్థ ప్రోగ్రాము 20 విలువలు అందించే చోట, కొత్త దస్త్రం 21వ విలువ కోసం చూసింది. లేని దానికోసం చేయి చాచి, తనది కాని జ్ఞాపకస్థానాన్ని ముట్టి, యంత్రం నీలి తెరతో కూలింది. మళ్లీ లేచి, మళ్లీ అదే దస్త్రం చదివి, మళ్లీ కూలింది. 78 నిమిషాలలో సంస్థ ఆ దస్త్రాన్ని వెనుకకు తీసుకున్నది. అప్పటికే సుమారు 85 లక్షల యంత్రాలు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్టు అంచనా వేసింది. విమానాలు, ఆసుపత్రులు, బ్యాంకులు ఆగిపోయాయి. హైదరాబాదు నుండి కోల్‌కతా పోయే ఇండిగో ప్రయాణికునికి కలంతో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాసు ఫొటో ఆనాడు దేశమంతా తిరిగింది.

అంత పెద్ద ఉపద్రవానికి మందేమిటో గమనించండి. యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో లేపడం, సిస్టమ్32 లోని డ్రైవర్స్ అరకు పోయి, ఆ సంస్థ పేరు గల అరలో 291 అంకె గల ఆ ఒక్క దస్త్రాన్ని చెరపడం, తిరిగి లేపడం. యంత్రం యంత్రానికీ మనిషి పోయి చేతితో చేయవలసి వచ్చింది గనుక రోజులు పట్టింది. 85 లక్షల యంత్రాలనూ ఫార్మాట్ చేయమని ఏ నిపుణుడూ చెప్పలేదు. పెద్ద సంస్థల సొత్తుకు దక్కిన ఆ ఓపిక, సాగర్ రోడ్డు మీది దుకాణానికి వచ్చే ఒక ఉపాధ్యాయుని సొత్తుకు కూడా దక్కవలసినదే.

ఫార్మాట్ ఎన్నడూ కూడదని నేననను. వైరస్ నిలువునా అల్లుకున్న యంత్రానికి అదే దారి. డిస్కు టకటకమని చప్పుడు చేస్తుంటే చెక్‌డిస్క్ కూడా నడపరాదు, ఆ శ్రమకు అది పూర్తిగా ఒరిగిపోవచ్చు. వెంటనే ఆపి, వీలైనంత మేరకు సొత్తును బయటికి తీయాలి. ఏ దారిన పోయినా సొత్తు తీయడం మొదటి అడుగు. దుకాణానికి యంత్రం ఇచ్చేటప్పుడు “ముందు నా ఫైళ్లు తీసి పెట్టండి, ఆ పనికి వేరే డబ్బులిస్తాను” అని చెబితే, ఏ కుర్రవాడూ కాదనడు.

నేటి యంత్రాలలో రెండు మార్పులు తెలిసి ఉండాలి. ఎక్స్‌పీ వలె రిజిస్ట్రీ నకళ్లు తప్పక ఉంటాయనుకోరాదు. విండోస్ 10లో రెగ్‌బ్యాక్ అనే అరలో తానే నకలు తీసుకునే అలవాటును 2018లో వచ్చిన 1803 రూపం నుండి మైక్రోసాఫ్టు మాన్పించింది. సిస్టమ్ రిస్టోర్ ఆన్ అయి ఉందో లేదో మీరే చూసుకోవాలి. రెండవది, ఈ మధ్య వచ్చే చాలా ల్యాప్‌టాపులలో డిస్కు బిట్‌లాకర్ తాళంతోనే వస్తోంది. దొంగకు అడ్డు పడే తాళం, ఆపదలో లినక్సు సీడీతో వచ్చిన స్నేహితునికీ అడ్డు పడుతుంది. దానికి 48 అంకెల తాళపు సంఖ్య ఒకటి ఉంటుంది. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్టు ఖాతాలో దాగి ఉంటుంది. యంత్రం బాగున్న ఈ రోజే దానిని చూసి, కాగితం మీద రాసి, పట్టాదారు పాసుపుస్తకం ఉంచిన చోటనే ఉంచండి. పాత ఖతులు వాడి రాసినవేవైనా ఇంకా మీ దగ్గర ఉంటే, ఆ ఖతులను కూడా వాటి పక్కనే దాచండి.